బుర్గల్ ముందు నేర్పేది పడటం

ముప్ఫై నాలుగు చలికాలాలుగా బుర్గల్ మా లోయలో పిల్లలకు స్కీయింగ్ నేర్పుతోంది. ఎండాకాలం కొండమీద ఆవుల్ని మేపుతుంది. రెండింట్లో ఆవులే నయమని ఆమె అభిప్రాయం, వాటి వెంట తండ్రులు రారు కనుక.

కొత్త పిల్లలకు ఆమె ముందు నేర్పేది పడటం. చేతికి కర్రలివ్వదు. ఒంటి కాలికే స్కీ కట్టి, గడ్డివామంత ఎత్తయినా లేని గుట్ట మీద దొర్లిస్తుంది. తమంతట తాము లేవడం వచ్చాకే రెండో స్కీ. తర్వాత స్కీల ముందు కొసలు దగ్గరకు చేర్చి ఆగడం. ముక్కలా మూడు కోణాలు వస్తాయి కనుక దానికి పిల్లలు పెట్టుకున్న పేరు పిజ్జా. నీలం గుర్తుల వాలు దాటించి, నిటారుగా ఉండే ఎర్ర గుర్తుల వాలుకు మొదటి వారం ఎవరినీ తీసుకెళ్లదు.

ఈ ఏడు మ్యూనిక్ నుంచి ఫోల్కర్ట్ అనే పళ్ల డాక్టరు ఆరేళ్ల కూతురు యెట్టెతో దిగబడ్డాడు. తలమీద హెల్మెట్టు, హెల్మెట్టు మీద కెమెరా. హెల్మెట్టు లోపల ఉండాల్సింది మాత్రం ఉన్నట్టు దాఖలాలు లేవు.

"మూడు రోజులుగా మా అమ్మాయిని మంచులో దొర్లిస్తున్నారు మీరు. శుక్రవారం పందెంలో పతకం రావద్దా?" అన్నాడు బుధవారం నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"దిగిన ప్రతి పిల్లకీ పతకమిస్తారు, ఫోల్కర్ట్. నువ్వేం బెంగపడకు."

వెయ్యి మీటర్ల ఎత్తు దాటితే మా దగ్గర మంత్రయినా 'నువ్వే'. ఆయనకది మింగుడు పడలేదు.

గురువారం సూపు తాగి వచ్చిన పిల్లల్ని వరసలో నిలబెడితే యెట్టె కనిపించలేదు. బుర్గల్ తలెత్తి చూసింది. ఎర్ర గుర్తుల వాలు నడిమధ్య స్కూలువాళ్ల పసుపు చొక్కా ఒకటి కదలకుండా ఉంది. పైకి తీసుకెళ్లిన తండ్రి తాను ముందే కిందికి జారివచ్చి, ఫోను పైకెత్తి "పిజ్జా తల్లీ, పిజ్జా" అని అరుస్తున్నాడు. కింద నుంచయితే వీడియో బాగా వస్తుందట.

పిల్లల్ని ఇంకో టీచరుకు అప్పగించి బుర్గల్ తీగ లిఫ్టులో కొండపైకి పోయి, యెట్టె దగ్గరికి జారింది.

"ఎత్తుకో," అంది యెట్టె.

"నా మోకాలు ఒప్పుకోదమ్మా. పడుతూ పోదాం. ఎటు పడాలి?"

"కొండ వైపు."

వాలుకు అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి జారడం, కొండ వైపు కూలబడటం, లేవడం. పదకొండు సార్లు పడి కిందికి చేరారు.

"చూశారా, దానికి వచ్చు. నేను చెప్పలా?" అన్నాడు ఫోల్కర్ట్.

"నీ కుర్చీలో రోగి కేకలేస్తుంటే గుమ్మంలో నిలబడి వీడియో తీస్తావా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. కానీ యెట్టె, "రేపు నేను స్కీలు కట్టుకోను," అంది. ఆ మాటన్న పిల్లలు మళ్లీ మంచు మొహం చూడకపోవడం బుర్గల్ ఎరుగును.

శుక్రవారం యెట్టె వట్టి బూట్లతో వచ్చి నిలబడింది. బుర్గల్ బతిమాలలేదు. గుట్టెక్కి, ఒంటి కాలికి స్కీ కట్టుకుని, ఆ పాడు మోకాలితోనే దబ్బున లోయ వైపు పడింది.

"అటు కాదు. కొండ వైపు," అంది యెట్టె విసుగ్గా. కాసేపు చూసి, ఇక లాభం లేదనుకుని, తన స్కీ తెచ్చుకుంది.

పందెంలో అందరికన్నా చివర వచ్చింది. ప్రతి మలుపులోనూ నింపాదిగా పిజ్జా వేసి ఆగింది. తండ్రి ఫోను సిద్ధం చేసుకున్నాడు. యెట్టె తనకిచ్చిన పతకం తీసి ఆయన మెడలో వేసింది.

"ఇది నీది నాన్నా. నీకే కదా కావాల్సింది."

అని ఒక స్కీ విప్పి ఆయన చేతిలో పెట్టి, రెండోదానితో గుట్ట వైపు కుంటుకుంటూ పోయింది. అక్కడ బుర్గల్ అప్పటికే మళ్లీ లోయ వైపు పడి ఉంది.