కువైట్ జున్ను

ఎనభైల మొదట్లో నేను అమలాపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. మామిడికుదురు దగ్గర పల్లెలో మా మేనత్త ఉండేది. ఆమె కొడుకు కువైట్‌లో ఒక షేకు ఇంట్లో వంటమనిషి. ఆ వేసవిలో సెలవు మీద వచ్చినప్పుడు దుప్పటి మడతల్లో చుట్టి ఒక రేకుడబ్బా తెచ్చాడు. మూత తీస్తే ఉప్పునీళ్లలో గొర్రెపాల జున్ను, మన జున్నుపాలది కాదు, చీజ్ అంటారే అది. డబ్బా మీద ఒక్క అక్షరం లేదు.

"ఇలాంటియ్యి తేకూడదంట. బొంబాయిలో కస్టమ్సోళ్లు పెట్టంతా తిరగేసేరు గానీ దుప్పటి ఇప్పలేదు," అని నవ్వాడు.

వాసన పడక నేను తినలేదు. అత్త మాత్రం కొడుకు అంతదూరం నుంచి మోసుకొచ్చాడని రోజూ పొద్దున్నే ఒక ముక్క తినేది. అతను తిరిగి వెళ్లిన వారంలోనే ఆమెకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆసుపత్రిలోనే చేర్పించాం. నాలుగు రోజులు మందిచ్చినా జ్వరం దిగలేదు. డాక్టరుగారు రక్తం తీసి కల్చర్ పెట్టమన్నారు.

రోగి ఒంట్లోని సూక్ష్మజీవుల్ని గాజుపళ్లెంలో పెంచి, పైన రకరకాల మందుల కాగితపు బిళ్లలు పెడతాం. మర్నాటికి, పనిచేసే మందు చుట్టూ అవి చచ్చి గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. ఏ బిళ్ల చుట్టూ ఖాళీ ఉంటే ఆ మందు ఇస్తారు.

అత్త పళ్లెంలో ఎక్కడా ఖాళీ లేదు. తెల్లటి పూత ప్రతి బిళ్ల అంచుదాకా పాకి ఉంది. బిళ్లలు పాతబడ్డాయేమోనని కొత్త సీసా తీసి మళ్లీ పెట్టాను. అలాగే వచ్చింది. మిగిలిన జున్ను తెప్పించి దాన్నీ పెట్టాను. పళ్లేలు పక్కపక్కన ఉంచితే ఏది జున్నుదో, ఏది మా అత్తదో నాకే తెలియలేదు. 

డాక్టరుగారు పళ్లేన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"అక్కడ గొర్రెలకి ఈ మందులన్నీ వాడేసుంటారమ్మా. ఈ క్రిములకి అవి అలవాటైపోయాయి. ఇంక సెలైనే మనకి దిక్కు."

అత్త బతికింది. సెలైను, గంజి, ఆమె మొండి ఒళ్లు కలిసి బతికించాయి. డబ్బాను మా నాన్న సున్నం పోసి లోతుగా పాతిపెట్టాడు.

నాలుగు నెలల తరవాత అత్త కూతురు పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పాపకు రెండో నెలలో విరేచనాలు పట్టుకుంటే కల్చర్ నేనే పెట్టాను. పొద్దున్నే మూత తీసి చూద్దును కదా, అదే పూత. డబ్బా పాతేసిన తరవాత పుట్టిన పిల్ల కడుపులోకి అది ఎలా వచ్చింది?

"మీ అత్తగారిది కూడా ఓసారి చూడమ్మా," అన్నారు డాక్టరుగారు.

చూశాను. అత్తకు జ్వరం లేదు, నొప్పి లేదు, నున్నగా తేరింది మనిషి. అది మాత్రం ఆమె పేగుల్లో అలాగే ఉంది.

ఆసుపత్రి వరండాలో ఆమెను కూర్చోబెట్టి చెప్పాను.

"నాకేం లేదే! రాయిలాగున్నాను."

"నిన్నేం చెయ్యట్లేదత్తా. నీ చేతిమీంచి వెళ్తోంది."

అత్త రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. రోజూ ఆ చేతివేలే తేనెలో ముంచి పాపకు నాకించేది.

"అయితే పాపకి ఆ రోగం నేనే పెట్టేనా?"

"ఇకమీద చేతులు సబ్బుతో బాగా తోముకో అత్తా," అన్నాను.

పాప పదిరోజులకు తేరుకుంది. అత్త మాత్రం మళ్లీ ఆ పిల్లను ముట్టుకోలేదు. చర్చి విందులకు వండడం మానేసి, అడిగినవాళ్లకు "నడుం నొప్పండీ" అని చెప్పేది. తోముకుని తోముకుని చేతులు పగిలిపోయాయి. పాప ఏడిస్తే గడపకవతల నిలబడి, చేతులు చెంగులో చుట్టుకుని పాట పాడేది.

నెలనెలా ఆమె పళ్లెం పెట్టేదాన్ని. ఏడాది దాటినా అదే పూత. తరవాత ఒక నెల, ఎందుకో తెలియదు, అది కనబడలేదు. మరో రెండుసార్లు పెట్టాను. లేదు.

కబురు చెప్పడానికి వెళ్లేసరికి అత్త మెట్టు మీద కూర్చుని ఉంది. కూతురు పాపతో పుట్టింటికి వచ్చి ఉంది. అప్పటికి నడక వచ్చిన పాప తప్పటడుగులేస్తూ వచ్చి ఆమె మోకాలు పట్టుకుంది. అత్త చేతులు రెండూ పైకెత్తేసింది.

"పోయిందత్తా. ఎత్తుకో," అన్నాను.

"నిజంగా పోయిందంటావా?"

పళ్లెంలో లేదని మాత్రమే నాకు తెలుసు. "పోయింది," అన్నాను. ఆమె చేతులు మాత్రం చాలాసేపు దిగలేదు.