వాపస్ వచ్చే తొవ్వ

లోకంలో ఏ మార్పు సంగతి చెప్పినా మా మార్కండేయ సారు అడిగే ప్రశ్న ఒక్కటే: "వాపస్ వచ్చే తొవ్వ ఏది?" తిరిగొచ్చే దారి చూపించి, ఆ జవాబు నచ్చితే "మంజూర్" అంటాడు. నచ్చకపోతే "నామంజూర్". సారుకు రెండోదే ఎక్కువ ఇష్టమని మా అందరి నమ్మకం.

రుద్రూర్ దగ్గరున్న మా చక్కెర ఫ్యాక్టరీలో ఆయన కంప్యూటర్ సెక్షన్‌కు పెద్ద. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలన్నా, పాతది సవరించాలన్నా, ఆఖరికి ప్రింటర్‌ను ఈ టేబుల్ మీంచి ఆ టేబుల్‌కు జరపాలన్నా ఆయన మంజూరు కావాలి. నాది ఎదురు టేబుల్, చెరుకు తూచే కాంటా పని. కాబట్టి ఈ వైభోగమంతా రోజూ నా కళ్ల ముందే.

క్యాంటీన్‌లో చాయ్‌లో అల్లం వేస్తామంటే నామంజూర్. "ఏసినంక తీస్తరా?" అని అడిగాడు. బోధన్‌లో కటింగ్ షాపుకు పోతే ముందు ఒక పక్కే కత్తిరించుకునేవాడు. అది చూసి భార్య ప్రమీలమ్మ బాగుందంటేనే రెండో పక్క. ఒకసారి ఆమె పుట్టింటికి మోర్తాడ్ పోయింది. ఆమె తిరిగొచ్చేదాకా మా సారు అట్లాగే ఆఫీసుకొచ్చాడు. ఎడమ పక్క నుంచి చూస్తే పెళ్లికొడుకు, కుడి పక్క నుంచి చూస్తే అడవిలోంచి వచ్చిన మనిషి.

అట్లాంటాయన కింద వచ్చి పడ్డాడు విజయ్ పాల్. నిజామాబాద్ పిల్లవాడు. చురుకు జాస్తి, ఓపిక నాస్తి. తల్లి మేరీ ఆస్పత్రిలో ఆయాగా చేసి చేసి మోకాళ్లు అరగ్గొట్టుకుంది. వీడికి ఉద్యోగం వచ్చాకే ఆమె ఇంటిపట్టున కూర్చుంది. ఈ జీతం పోతే ఆమె మళ్లీ డ్యూటీకి పోవాల్సిందే.

విజయ్ పాల్ ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. చెరుకు ట్రాక్టర్ గేటు దగ్గరికి రాగానే రైతు ఫోన్ నంబరు కొడితే చాలు, కాంటాకు టోకెన్ వచ్చేస్తుంది. రైతు కోడ్లూ కార్డులూ ఏవీ అక్కర్లేదు.

"మంచిగున్నది," అన్నాడు సారు. "వాపస్ వచ్చే తొవ్వ ఏది?"

"వాపస్ ఎందుకొస్తం సార్? ముందుకే పోతం!"

"నామంజూర్."

వాడు కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ పోయాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ నామంజూర్. హైదరాబాద్ నుంచి జీఎం తొందర పెట్టాడు. చివరికి సారు ఒక షరతు పెట్టాడు. పాత సాఫ్ట్‌వేర్ కాంటా కంప్యూటర్‌లో అట్లాగే ఉండాలి, కొత్తది మొరాయిస్తే వెంటనే పాతది ఎక్కించాలి. మొదలుపెట్టే ముందురోజు మళ్లీ అడిగాడు.

"పాతది ఉన్నది గద బిడ్డా?"

"ఉన్నది సార్," అన్నాడు విజయ్ పాల్, బుద్ధిగా.

"మంజూర్."

మర్నాడు పొద్దున జీఎం కొబ్బరికాయ కొట్టాడు. మొదటి ట్రాక్టర్‌లో వచ్చింది రైతు గంగన్న చెరుకు. టోకెన్ టక్కున వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. రెండోది ఎల్లవ్వది. నంబరు కొట్టగానే తెర మీద పడింది: 'గంగన్న చెరుకు అందింది. మళ్లీ తీసుకోకూడదు.'

"నేను గంగన్ననా? మొకం సూడు బిడ్డా!" అంది ఎల్లవ్వ.

"మిషన్ల గట్లనే వస్తుందవ్వా," అన్నాడు విజయ్ పాల్.

"మిషన్‌కు కండ్లు లెవ్వా?"

మూడో ట్రాక్టరూ గంగన్నదే అంది మిషన్. నాలుగోదీ అంతే. సంగతేమిటంటే, మా రైతుల్లో సగం మంది రాయించింది తమ నంబరు కాదు, ట్రాక్టర్ ఓనర్ ఆత్మారాంది. చెరుకు తెమ్మని ఫ్యాక్టరీ నుంచి ఫోనొస్తే కదలాల్సింది ఆయన బండే కదా, మధ్యలో మనమెందుకని. కొత్త సాఫ్ట్‌వేర్ లెక్కన ఒక్కో నంబరుకు ఒక్కడే రైతు. ఆ నంబరుతో ముందొచ్చింది గంగన్న. ఊరు ఊరంతా ఒకే గంగన్న అయిపోయింది.

ట్రాక్టర్ల వరుస గేటు దాటి రోడ్డెక్కింది. ఎండ ముదురుతోంది. కోసిన చెరుకు ఎండుతున్నకొద్దీ బరువు తగ్గుతుంది, రైతు కడుపు మండుతుంది. కిటికీ ఊచలు పట్టుకుని ఊపుతున్నారు. లోపల చెరుకు అయిపోతోంది, మిల్లు ఆగిపోతుందని ఫోన్ మీద ఫోన్.

"పాతది ఎక్కియ్ విజయ్!" అని అరిచాను.

వాడు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. "అక్కా, పాతది లేదు. కొత్తదానికి జాగా చాలలేదని తీసేసిన. సారు మల్ల నామంజూర్ అంటడని అబద్ధం చెప్పిన."

సారు వెనకే నిలబడి అంతా విన్నాడు. పోయి తన టేబుల్ కింద కప్పి ఉన్న పాత తువ్వాలు లాగాడు. అడుగున ఒక ముసలి కంప్యూటర్, పైన పసుపు బొట్టు.

"నువ్వు తీసేయకముందే ఒక నకలు దీంట్ల పెట్టిన. వాపస్ తొవ్వకు గూడ వాపస్ తొవ్వ ఉండాలె గద!"

"నేను అబద్ధం చెప్పినట్టు ఎరుకైందా సార్?"

"ఎప్పుడడిగినా కస్సుమంటవ్. నిన్న బుద్ధిగ జవాబిచ్చినవ్. గప్పుడే సమజైంది. ఈ నకలున్నదనే మంజూర్ చేసిన."

ఆ ముసలిది లేచేసరికి మా ప్రాణాలు పోయినంత పనైంది. కానీ లేచింది. ఎల్లవ్వ మళ్లీ ఎల్లవ్వ అయింది. వరుస కదిలింది.

అప్పుడొచ్చాడు జీఎం, మొహం ఎర్రగా చేసుకుని. "ఎవరు చేశారిది? ఆ కుర్రాడేనా? ఇవాళే పంపించేయండి!"

సారు అడ్డం నిలబడ్డాడు. "మంజూర్ చేసింది నేను సార్. ఫోన్ నంబర్లు ఎవరివని అడగాల్సింది గూడ నేనే, అడగలే. తప్పయితే పిల్లల మీద పడొద్దనే గద నా మంజూరు."

"అయితే మెమో మీకే!"

"ఇయ్యిండ్రి సార్."

ఇన్నేళ్లూ అది పెత్తనం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన ఒకప్పుడు సగం క్రాపుతో తిరిగిన ఆ తలకు దండం పెట్టాలనిపించింది.

జీఎం పోయాక విజయ్ పాల్ మెడలోని గుర్తింపు కార్డు తీసి సారు టేబుల్ మీద పెట్టాడు. "నావల్ల మీకు మాటొచ్చింది. నేను ఉద్యోగం ఇడిసిపెడుత సార్."

సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అంటే, ఇది గూడ మార్పే గద?"

"అవు సార్."

"వాపస్ వచ్చే తొవ్వ ఏది?"

"లేదు సార్."

"నామంజూర్," అన్నాడు సారు. కార్డు తీసి వాడి మెడలోనే వేశాడు. "పో, ఆత్మారాం ఎంతమంది రైతులో లెక్కతీస్కరా."