గట్టు మీద దాహం

కొల్లేరు చేపల చెరువుల్లో పనిచేసే ఆమె నీళ్ళసీసా ఎత్తి, పెదవులు మాత్రం తడుపుకొని మూత పెట్టేసేది. మూత్రంలో మంట పదేపదే వస్తుంటే దేవత కోపమనుకుని మొక్కుకునేది. చేపల మీద పరిశోధనకని అక్కడికి వెళ్ళొచ్చే నేను ఊరుకోలేదు. మూత్రాశయం లోపలి పొరను కాచే ప్రొటీన్లుంటాయనీ, అలాంటివి చేపల్లోనూ ఉన్నాయనీ, పరిణామం వాటిని మనదాకా తెచ్చిందనీ, సూక్ష్మజీవులు వాటినే పట్టుకుని వేలాడతాయనీ, నీళ్ళు బాగా తాగితే ఆ క్రిములు చాలావరకు కొట్టుకుపోతాయనీ వాదించాను.

"బాగానే చెప్పారండీ. తాగాక ఎక్కడికెళ్ళమంటారు? గట్టంతా మగోళ్ళే కదండీ" అంది.

వాదంలో దేవతను ఓడించిన నేను, మరుగుదొడ్డి కట్టించమని చెరువు యజమానిని ఒక్కసారీ అడగలేదు.

నిరుడు మూత్రపిండాలు చెడి ఆమె పోయింది. అంతకు వారం ముందు ఏలూరు ఆసుపత్రికి చూడబోతే, "ఇక్కడ తలుపున్న బాత్రూముందండీ. నీళ్ళేమో తాగొద్దంటున్నారు" అని నవ్వింది.