ఆగస్టులో హీటర్ వేసిన చిన్నాయన

మొన్న శుక్రవారం ఇక్కడ కువైట్‌లో ఆరాధన ముగించి బయటికి వస్తుంటే రాయచోటి నుంచి ఫోన్ వచ్చింది. మా మెకానిక్ చిన్నాయన ఇక లేడు. మసీదుకు వెళ్లే మనిషికి, బైబిలు చంకన పెట్టుకు తిరిగే నేను కొడుకు వరస ఎలా అయ్యానని అడిగేవాళ్లున్నారు. అడగండి సహోదరులారా, చెప్తాను.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టు అది. మమ్మల్ని పనికి పెట్టుకున్న కువైటీ యజమాని, మా కఫీల్‌కు కబ్ద్‌లోని తోటలో పాత మోటార్‌హోమ్ ఒకటి ఉండేది. చలికాలం ఎడారికి వెళ్లినప్పుడు పడుకోవడానికి, వండుకోవడానికి వాడే ఇల్లులాంటి బండి. దాని తాళం చిన్నాయన చేతికిచ్చి, ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లను ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు చేర్చమన్నాడు. నడిపేది ఆయన, తోడు నేను.

బస్రా దాటాక అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. చిన్నాయన బండి ఆపి, కాళ్ల కింది మ్యాట్‌ను అరచేత్తో అదిమి చూశాడు. తడి. హీటర్ లోపలుండే చిన్న రేడియేటర్ కారుతోంది. కారినంతా మళ్లీ ఇంజిన్‌కు పోయాలి. పోయడానికి ఉన్నవి మేం తాగే నీళ్లే.

హీటర్ పైపులు కోసి మూసెయ్యమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పెద్ద రేడియేటర్ సగం పూడిపోయిందట. హీటర్ తిరుగుతుంటే ఇంజిన్ వేడి కొంత దాని గుండా పోతుందట, లేకుంటే ఇంజిన్ పట్టేస్తుందట. ఆ ఎండలో దాన్ని ఊడదీసి, బండిలోని స్టవ్ మీద ఇనుము కాల్చి, బిందెకు వేసినట్టు మాటు వేశాడు. నేను నీడకు దుప్పటి పట్టుకుని బిగ్గరగా ప్రార్థించాను.

"రోంత మెల్లగా చెప్పుకో అయ్యగారూ, చెయ్యి అదురుతాండాది నాకు" అన్నాడు.

బిగించాక హీటర్ నిండా తిప్పాడు. వెనక నుంచి రాజంపేట అక్క లేచింది. "మమ్మల్ని ఉడకబెట్టి సోల్జర్లకు వడ్డిస్తావా చిన్నాయనా?"

నేను ఊరుకుంటానా? బైబిల్లో రాజు అగ్నిగుండంలో పడేయించినా కాలని ముగ్గురి సంగతి ఎత్తుకుని, వాళ్లను కాయడానికి దేవుడు పంపితే వాళ్ల మధ్య నడిచిన నాలుగోవాడి దాకా వెళ్లాను.

"మా ఇబ్రాహీం ప్రవక్తనూ నిప్పుల్లో ఏసినార్లే. వాళ్లకు సల్లబడింది. మనకు సల్లబడేలోపల ఆ కిటికీ తెరువు" అన్నాడు చిన్నాయన.

ఆగిన ప్రతిచోటా మ్యాట్ తడిమి, అరచెయ్యి వెనక్కి తిప్పి ఆడవాళ్లకు చూపేవాడు. అది పొడిగా కనబడితేనే తాగడానికి నీళ్ల డబ్బా మూత తెరుచుకునేది. సరిహద్దులో దిగేటప్పటికి డబ్బాలో ఇంకా నీళ్లున్నాయి. రాజంపేట అక్క మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చింది. ఆ నాలుగోవాడు ఎలా ఉంటాడని ఎవరైనా నన్నడిగితే బల్ల గుద్ది చెప్తాను, ఆయన గోళ్లలో గ్రీజు ఉంటుంది.

యుద్ధం ముగిశాక ఇద్దరం కువైట్‌కు తిరిగొచ్చాం. ఇక్కడ ఉండే అనుమతి, ఇఖామా ఖలాస్ అయి ఆయన ఊరికి వెళ్లిపోయేనాడు, అబూ హలీఫా నుంచి విమానాశ్రయానికి నా కారులోనే తీసుకెళ్లాను. బెల్టు పెట్టుకోమన్నాను. పెట్టుకోలేదు. ముందు వంగి, కాళ్ల కింది మ్యాట్‌ను అదిమాడు. ఆ అరచెయ్యి తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు.

పొడిగా ఉంది.