సున్నం కొట్టని సమాధి

ఇప్పుడు బంగళాల మిట్ట అని గొప్పగా చెప్పుకుంటారు గానీ, యాభై ఎనిమిదిలో దాన్ని ఊరికే ఇస్తానన్నా నెల్లూరులో తీసుకునేవాడు లేడు. తుమ్మచెట్లు, నక్కలు, ఓ మూల క్రైస్తవుల సమాధులు, అంతే. కోవూరు వైపు వరి పండించే ఆసాములకు టౌన్లో మేడలు కట్టాలన్న సరదా పుట్టింది చూడండి, అప్పుడు ఆ మిట్ట ఆకాశానికెక్కి కూర్చునింది.

ఆ మేడలకు సున్నం కలిపింది సామ్రాజ్యం. మొగుడు పోయిన మనిషి. చేతులు పుళ్లు పడినా పని మానేది కాదు. ఒక్కగానొక్క కూతురు కరుణాకుమారి మసూచితో పోతే ఆ మూలలోనే పూడ్చుకుంది. పనికి పోతూ ఓసారి, వస్తూ ఓసారి ఆ మట్టి మీద చెయ్యేసి పోయేది. ఆ మట్టికుప్ప తప్ప ఆమెకు ఇంకేమీ మిగల్లేదు.

ఆ క్రైస్తవుల్లో ఓ పద్ధతుంది. ఏడాది తిరిగి ప్రార్థన పెట్టించిందాకా సమాధి కట్టరు, సున్నం కొట్టరు. మట్టి కుదురుకోవాలంటారు. ఆ తర్వాత ఏటా ఈస్టరుకు సున్నం కొట్టి కొవ్వొత్తులు పెడతారు.

అరవై రెండులో ఆసామి రంగనాయకులు తన మేడకు గేటు పెట్టాలని ఆ మూల మీద పడినాడు. మాట్లాడను పోయింది సంఘపెద్ద ముత్యాలయ్య, సామ్రాజ్యానికి సొంత అన్న. "సున్నం కొట్టినవాటి జోలికి రావద్దు సామీ. మిగతావి మీ ఇష్టం," అని వచ్చినాడు. పోయి ఇంకా ఏడాది నిండక, సున్నం పడకుండా ఉన్న మేనకోడలు ఆ పెద్దమనిషికి గుర్తుకే రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈస్టరు అయిన వారానికి మేస్త్రీ పోలేరయ్య గడ్డపారలతో దిగినాడు. సామ్రాజ్యం సున్నం గంపతో వచ్చేసరికి కూతుర్ని తవ్వేసినారు. పెట్టె పలకలు విరిగి పడున్నాయి. మట్టిలో ఎర్ర రిబ్బను కట్టిన జడ కనపడింది.

"అది నా బిడ్డరా," అనింది.

"సున్నం లేదు గదక్కా. మీ అన్న చెప్పినట్టే చేసినాం," అన్నాడు పోలేరయ్య.

ఆమె గంపెడు సున్నం వాడి మొహాన కొట్టి, గడ్డపార లాక్కుని వాడి మోకాలి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు రోడ్డుదాకా వినపడింది. ఆపబోయిన కూలీకి చెయ్యి విరిగింది. ముత్యాలయ్య పరుగెత్తుకొచ్చి "వద్దమ్మా" అంటే అతని నెత్తి పగలగొట్టింది. నలుగురు కట్టెలతో బాది, పళ్లు రాలగొడితే గానీ గడ్డపార వదల్లేదు.

పోలేరయ్యకు కళ్లు పోయినాయి. ఆమెకు జైలు పడింది. ఆ మట్టిని ఏ మేడ పునాదిలో పోసినారో ఎవరూ చెప్పలేదు.

అరవై ఎనిమిదిలో తిరిగొచ్చింది. బిడ్డ ఉన్నచోట రంగనాయకులు గేటు, గులాబీరంగు స్తంభాలు. ఈస్టరు తెల్లారుజామున ముంతతో సున్నం తెచ్చి ఓ స్తంభానికి పూయడం మొదలుపెట్టింది. కాపలావాడు కర్ర తీసుకుని వీపు చిట్లగొడుతున్నాడు. ఆమె ఆపలేదు.

అంతలో వీపు మీద దెబ్బలు పడడం ఆగింది గానీ, కర్ర చప్పుడు ఆగలేదు. తిరిగి చూసింది. నెత్తిన మచ్చతో ముత్యాలయ్య ఆమెకు అడ్డంగా వంగి నిలబడి దెబ్బలు తింటున్నాడు.

"కానియ్యమ్మా," అన్నాడు. "ఇంకో పూత వెయ్యి."