పొంగిన పిండి

మా పెద్దనాన్న బ్రెడ్డు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. ఆ వేడికి కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి. ఎవరైనా నవ్వితే, "పోనీలే, దువ్వే పని తప్పింది" అనేవాడు.

అక్కడ యూనియన్ పెట్టింది ఆయనే. పన్నెండు గంటల డ్యూటీ ఎనిమిది గంటలు కావాలని ఇంటింటికీ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి అరవై మంది చేత సంతకాలు పెట్టించాడు. ప్యాకింగులో ఉన్న నన్నేమీ బతిమాలలేదు. "పెట్టవే" అన్నాడు, పెట్టాను. యజమాని ఆర్నెల్లు ఇదిగో అదిగో అన్నాడు. చివరికి ఒక మంగళవారం మధ్యాహ్నం అందరం పని ఆపేసి గేటు బయట కూర్చున్నాం.

మా తెలివి తెల్లారినట్టే ఉంది. పొద్దున కలిపిన పిండి పదకొండు తొట్లలో అలాగే ఉందని పెద్దనాన్నకి తప్ప ఎవరికీ తట్టలేదు. ఆయన కుదురుగా కూర్చోలేకపోయాడు.

"ఈపాటికి పొంగిపోతుంటుందే."

"పొంగనీ."

"వెయ్యిళ్ళ తిండే అది."

"నోరు మూసుకుని కూర్చో పెద్దనాన్నా" అని కసిరాను. నీళ్ళు తాగొస్తానని లేచాడు. అనుమానమొచ్చి వెనకే వెళ్ళాను. లోపల అచ్చులకు నూనె రాస్తున్నాడు. పిండి తొట్ల అంచులు దాటి నేలమీదికి జారుతోంది. తిట్టాను. చెయ్యి పట్టుకుని లాగాను. "ఇదొక్కటీ కాల్చేసి వచ్చేస్తానమ్మా" అన్నాడు. చంటిపిల్లను వదిలేసి రమ్మన్నానేమో అన్నట్టుంది ఆ మొహం. నాకేం తోచలేదు. అచ్చులు అందించాను. దేవుడా, నేనే అందించాను. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు గేటు దగ్గరికొచ్చి కూర్చున్నాను.

సాయంత్రం బ్రెడ్డు వ్యాను బయటికొచ్చింది. మీ ప్రెసిడెంటే లోపల పనిచేస్తున్నాడని యజమాని నవ్వుతూ చెప్పాడు. మావాళ్ళు ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు. మర్నాడు అందరూ డ్యూటీలో ఉన్నారు. యూనియన్ అంతటితో సరి. పెద్దనాన్నను ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆయన అన్నం తినడానికి కూర్చుంటే పక్కవాళ్ళు డబ్బా తీసుకుని లేచిపోయేవారు. నా పేరు మాత్రం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

"మళ్ళీ అలా పొంగితే ఏం చేస్తావు?" అని, మంచం పట్టాక ఒకసారి అడిగాను. "కాలుస్తానేమోనే" అని ఏడ్చాడు.

ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు నా కూతురు ప్యాకింగులో చేరింది. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఏడింటికి వస్తుంది, కాళ్ళు వాచిపోయి ఉంటాయి. "అక్కడ ఎప్పుడూ యూనియన్ లేదా అమ్మా?" అని మొన్న అడిగింది.

వేణ్ణీళ్ళు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.