మంగతాయారు గారి మొదటి ముద్ద

తల్లి గర్భంలో ఒక్కొక్క నరాన్నీ అల్లిన దేవునికి ముందుగా స్తోత్రం.

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడు. భీమవరంలో ఒక పిల్లల ఆసుపత్రిలో నేను వార్డు నర్సుని. పక్క పల్లె రైతు కుటుంబం వాళ్ళు లాస్య అనే నాలుగేళ్ళ పాపని తెచ్చి చేర్చారు. బక్కపల్చటి పిల్ల. నడిస్తే తూలేది, వెలుగు తగ్గితే గోడ తడుముకునేది. విరేచనం తెల్లగా, జిడ్డుగా పోయేది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గారు జబ్బు పేరు చెప్పారు: ఎబీటాలైపోప్రొటీనీమియా. తిన్న కొవ్వుని పేగు నుంచి రక్తంలోకి మోసుకెళ్ళే పదార్థం ఈ జబ్బున్న వాళ్ళ ఒంట్లో తయారవదు. కొవ్వుతోపాటు వెళ్ళాల్సిన ఎ, ఇ విటమిన్లూ అందవు. పుట్టుకతో వచ్చేది, మేనరికాల్లో ఎక్కువ. లాస్య తల్లిదండ్రులదీ మేనరికమే. నూనె, నెయ్యి బాగా తగ్గించి, విటమిన్ చుక్కలు జీవితాంతం పెద్ద మోతాదులో వెయ్యాలి. అశ్రద్ధ చేస్తే చూపూ నడకా రెండూ పోతాయి.

తల్లి అన్నిటికీ తలూపింది. అయినా విరేచనాలు తగ్గలేదు. చుక్కలు వేస్తే పిల్ల ఉమ్మేసేది. ఒక మధ్యాహ్నం లాస్య మామ్మ మంగతాయారు గారు క్యారేజీ మూత తీయగానే నాకు సంగతి అర్థమైంది. గదంతా నేతి వాసన.

"ఏంటండీ మామ్మగారూ ఇది?"

"మొదటి ముద్దకేనండి. వట్టన్నం పెట్టడానికి ఇదేమన్నా పరాయి పిల్లా? మీ డాక్టరు గారిని వాళ్ళమ్మ నెయ్యి లేకుండానే పెంచిందంటారా?"

నవ్వాపుకోలేకపోయాను. కానీ ఆవిడ కళ్ళలో భయం ఉంది. పిల్ల చిక్కిపోతోందని ఆవిడ దిగులు. మనసులో ప్రార్థించుకుని పక్కన కూర్చున్నాను. ఈ పిల్లకి నెయ్యి ఒంటికి పట్టదని, కడుపు పాడుచేసి పోతుందని నెమ్మదిగా చెప్పాను.

"మీరు ముద్ద మానొద్దండి, నెయ్యి మానండి. ఆ మొదటి ముద్దలో ఈ చుక్కలు కలిపి మీ చేత్తోనే పెట్టండి."

ఆవిడ సీసా వాసన చూసి మొహం చిట్లించారు. నెయ్యి తగలని చారన్నంలో ఆ చుక్కలు కలిపి ముద్ద చేశారు. నా దగ్గర ఉమ్మేసిన పిల్ల ఆ చేతికి నోరు తెరిచింది.

ఇప్పుడు లాస్య బడికి వెళ్తోంది. నడకలో తూలుడు కొంచెం ఉంది గానీ పెరగలేదు. చీకటి పడితే గోడ పట్టుకోవడం తగ్గింది. మొన్న చూపించడానికి వచ్చినప్పుడు, ఇంట్లో నెయ్యి ఎవరు తింటున్నారని సరదాకి అడిగాను.

"నేనూ మానేశానండి," అన్నారు మంగతాయారు గారు. "పిల్ల పక్కన కూర్చుంటే నాకెలా దిగుతుంది?"

మనిషి ప్రేమని తప్పుపట్టకుండా దాని దారి మార్చాలని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అరణ్యంలో ఆకలిగొన్న తన ప్రజలకి మన్నా అనే ఆహారాన్ని ఏ రోజుది ఆ రోజు ఆకాశం నుంచి కురిపించిన దేవుడు లాస్య ముద్దనీ ఏ రోజూ తప్పిపోనివ్వకుండు గాక. ఆ పాప కాళ్ళ కోసం, ముద్ద కలిపే ఆ ముసలి చేతి కోసం, చదువుతున్న మీరు కూడా నాతో ఒక్క మాట ప్రార్థించండి.